పాత పెంకులకు బండి బాడుగ

నిరుడు వేసవిలో మా పెంకుటింటి కప్పు విప్పించితిని. క్రొత్త వాసములకు, రీపర్లకు, కూలీలకు లెక్క వేసితిని గాని, దిగిన సరకు పోవు దారి యోచింపనైతిని. జన్మమంతయు పిల్లలకు లెక్కలు చెప్పినవాడను!

మంగుళూరు పెంకు ఒక్కొక్కటి రెండు కిలోలకు పైగా తూగును. మా కప్పున 2,000 పెంకులు. అనగా నాలుగు టన్నుల పైమాట. కొప్పు సున్నము వేరు. చూపునకు ట్రాక్టరు ట్రక్కు నిండలేదు. ఒక్క తడవకే బాడుగ మాటాడి పంపితిని. కాలువగట్టు ఎక్కుచుండగా ట్రాక్టరు ముందుచక్రములు నేలవిడిచి లేచెను. డ్రైవరు నేర్పరి గనుక ప్రాణముతో బయటపడెను. ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

కావున ట్రక్కు నిండుటను గాక తూకమును చూచి తడవలు నిర్ణయింపుడు. బాడుగ తడవకో దినమునకో, ఎత్తుడుకూలి ఎవరిదో ముందే తేల్చుకొనుడు. మేకులు ఏరించుడు, పశువుల గిట్టలలో దిగును. పగులని పెంకులు కొట్టమునకు పనికివచ్చును. సిమెంటు రేకులైనచో వేరుమాట: అందలి ఆస్బెస్టాసు దుమ్ము ఊపిరితిత్తులకు ముప్పు. వానిని తడిపి, పగులకుండ దింపించి, విడిగా ఉంచవలయును, మెరకకు వాడరాదు.

ముక్కలను చెరువులో పోయింప మనసొప్పలేదు. పొరుగువారు అరుగు మెరకకు అడిగి, మిగిలిన రెండు తడవల బాడుగ తామే ఇచ్చిరి.