కారుకి జాడీ మెరుపు

అమ్మలూ, నీ కొత్త కారుకి పూయబోయే ఆ సెరామిక్ పూత బుడ్డి మూత ఇంకా తియ్యకు. ముందు వంటింట్లోకి వెళ్లి మీ అమ్మమ్మ ఆవకాయ జాడీని ఒకసారి చేత్తో తడిమి రా. నున్నగా, చల్లగా లేదూ? ఉప్పు, కారం, నూనె, పులుపు ఏడాదంతా అందులో ఊరుతున్నా జాడీకి ఏమీ పట్టదు. కాల్చిన మట్టి మీద పల్చటి గాజు పొర ఒకటి కూర్చుని కాపలా కాస్తోంది. ఇసకలో ఉండే సిలికాయే బట్టీలో 1200 డిగ్రీల వేడికి తోటి ఖనిజాలతో కలిసి కరిగి, చల్లారి అలా గాజైంది. నీ బుడ్డి మీద 'సెరామిక్' అని రాసింది చూడు, కుమ్మరి మట్టికి గ్రీకులు పెట్టుకున్న పేరులోంచి వచ్చిన మాట అది.

మరి కారుని బట్టీలో పెట్టలేం కదా! నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చింది ఇదే: బట్టీ చేసే పని ఇక్కడ గాలిలోని తేమ చేస్తుంది. సిలికాన్ పరమాణువుకి నాలుగు చేతులనుకో. బుడ్డిలో ఉన్నంతసేపూ ఆ చేతులకి తొడుగులుంటాయి, అందుకే అది ద్రవంగా ఉంటుంది. గాలి తగలగానే తేమ ఆ తొడుగుల్ని ఊడదీస్తుంది. ఖాళీ అయిన చెయ్యి ఆక్సిజన్‌ని మధ్యన పెట్టుకుని పక్క సిలికాన్ చెయ్యి పట్టుకుంటుంది. కొన్ని చేతులు కింద ఉన్న రంగుని పట్టుకుంటాయి. ఇసకలోనూ, కిటికీ అద్దంలోనూ ఉన్న అల్లిక ఇదే. కొన్ని చేతులకి మాత్రం కావాలనే కర్బనం తోకలు ఉంచేస్తారు. వాటికి నీళ్లంటే పడదు. మూత సరిగా పెట్టని బుడ్డి లోపలే గట్టిపడిపోయేది కూడా ఈ తేమ వల్లే.

ఒక లెక్క వెయ్యి. కారు పైరేకు 10 చదరపు మీటర్లనుకుందాం. నీ బుడ్డిలోని 50 మిల్లీలీటర్లూ చుక్క పోకుండా దానికి పూస్తే మందం ఎంత? 5 మైక్రాన్లు. అందులో చాలావరకు ఆవిరైపోయే ద్రావకం, ఇంకొంత గుడ్డ తాగేస్తుంది. చివరికి మిగిలేది ఒక మైక్రాను, కాస్త అటూ ఇటూ. నీ తలవెంట్రుక మందం 70 దాకా ఉంటుంది. ఇంత పల్చటి పొర కింద ఏముంటే అదే పైకి కనిపిస్తుంది. బూజు దులపకుండా గోడకి సున్నం కొట్టినట్టే. అందుకే ఈ పనిలో ముప్పాతిక వంతు కడగడమే అంటాను నేను.

కొత్త కారుకి మురికేమిటి తాతయ్యా అంటావు. లారీ మీదో రైలు మీదో వచ్చి, యార్డులో ఎండకీ వానకీ నిలబడ్డ బండి అది. బ్రేకుల నుంచి, పట్టాల నుంచి రేగిన ఇనుప రజను రంగులో గుచ్చుకుని ఉంటుంది. కడిగాక చేతికి పల్చటి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బానెట్ మీద నిమిరి చూడు, గరగరలాడితే రజను ఉన్నట్టే. ఐరన్ రిమూవర్ చల్లితే అది ఊదారంగై కారిపోతుంది. మిగిలిందాన్ని క్లే బార్ అనే మెత్తటి ముద్ద లాగేస్తుంది, సబ్బునీళ్లు ధారాళంగా పోస్తూ, నొక్కకుండా నడపాలి. పూజనాడు పెట్టిన పసుపు బొట్లు, పూలదండ తీగ గీసిన గీతలు కూడా వెతుక్కో. ఆఖరున ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది. దాని ఆవిరి, ఆ బుడ్డిలోని ద్రావకం రెండూ అంటుకునేవే. దగ్గర్లో అగరబత్తి కూడా వెలగకూడదు. చేతికి గ్లవుజులు వేసుకో. పని గాలి ఆడే పోర్టికోలో చేద్దాం.

పూత పొద్దున్నే, రేకు చల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాలి. ఒక్కసారికి అడుగున్నర చదరం చాలు. నాలుగైదు చుక్కలు వేసి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాయి. ఒకటి రెండు నిమిషాల్లో వాన తడి రోడ్డు మీద డీజిల్ పడ్డట్టు ఏడు రంగులు ఆడతాయి. పొర పైనుంచీ అడుగునుంచీ వెనక్కొచ్చే వెలుగులు కలుసుకోవడం వల్ల వచ్చే రంగులవి. అదే నీకు గంట కొట్టినట్టు, వెంటనే మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యి. మన రాజమండ్రి ఉక్కలో తేమ ఎక్కువ గనక త్వరగా గట్టిపడుతుంది, పరధ్యానంగా ఉండకు. తుడవకుండా వదిలేసిన మరక మర్నాటికి గాజు మచ్చవుతుంది, పాలిష్ పట్టి అరగదీస్తే తప్ప పోదు. తుడిచిన గుడ్డలూ మళ్లీ వాడకు, ఆరాక వాటిలోనూ ఆ గాజే ఉంటుంది.

బుడ్డి మీద '9ఎచ్' అని ఉంది, చూశావా? అది పెన్సిళ్ల గట్టిదనం. 9ఎచ్ పెన్సిల్‌తో గీసినా గీత పడదని చెప్పడం. ఖనిజాల గట్టిదనం కొలిచే మోస్ కొలమానం వేరు. దాని మీద కిటికీ అద్దం 5.5 అయితే ఇసక రేణువు 7. మన వీధి దుమ్ములో ఆ ఇసక బోలెడుంటుంది. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో కారు దులపడం మనవాళ్లకి అలవాటు. అమ్మలూ, ఆ ఒక్కటీ మానిపించు. ఈ పొర పక్షి రెట్టలోని ఆమ్లాన్ని కాసేపు ఆపగలదు గానీ, ఇసకతో రుద్దితే తాళలేదు.

నీటి బొట్లు గుండ్రంగా దొర్లుతాయని మురిసిపోతున్నావు కదా, చేమాకు దగ్గరికి రా. తామరాకుకీ చేమాకుకీ మైనం ఒక్కటే కాదు, కంటికి కనపడనంత చిన్న బొడిపెలు కూడా ఉంటాయి. బొట్టు వాటి కొనల మీదే నిలబడుతుంది. 1997లో జర్మనీ వృక్షశాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హ్యూస్ తామరాకు శుభ్రతకి ఇదే కారణమని వివరించారు. ఆకు మీద బొట్టు 150 డిగ్రీలకి పైగా కోణంలో లేచి నిలుస్తుంది. నీ కారు పొర నున్నగా ఉంటుంది, అక్కడ 110 దాకా వస్తే గొప్ప. ఏటవాలుగా ఉన్న చోట బొట్టు జారిపోతుంది. చదునైన టాప్ మీద నిలిచి ఎండకి ఆరుతుంది. బోరు నీళ్లయితే సున్నం తెల్లటి వలయంగా మిగులుతుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకున్నట్టు. అందుకని కడిగిన వెంటనే తుడవాలి. ఆర్‌ఓ నుంచి వృథాగా బయటికొచ్చే నీళ్లు బకెట్లో పట్టి కారుకి వాడదామంటున్నాడు మీ నాన్న, వద్దని చెప్పు. వడపోతలో ఆగిన ఉప్పులన్నీ ఆ నీళ్లలోనే ఉంటాయి.

పూసిన రోజంతా నీళ్లు తగలకూడదు, వారం దాకా షాంపూ వద్దు. ఈ ఆదివారం వాన సూచన లేదు. తుడవని చోట్లు కనపడేలా టార్చి నేను పట్టుకుంటాను, డిక్కీ దగ్గర మొదలుపెడదాం.