విల్లు మోగింది... సితార్ జత కలిసింది!

ఒక విల్లు. దానికి ఒకటే తీగ. కింద చిన్న ఎండు సొరకాయ బుర్ర. సన్నటి పుల్లతో తీగ మీద కొడుతూ, బుర్రను పొట్టకు ఆనించి మళ్లీ దూరం జరుపుతుంటే శబ్దం మూసుకుంటుంది, తెరుచుకుంటుంది. బ్రెజిల్‌లో కపోయెరా ఆడేవాళ్లకు తోడుగా మోగే ఈ వాద్యం పేరు బెరింబౌ. దాని పక్కన సితార్ వాయిస్తే? ఆ రెండింటి మధ్య జాజ్ ట్రంపెట్ ఊదితే?

అతుకుల బొంతలా ఉంటుందనిపిస్తోంది కదూ! కానీ 1978 సెప్టెంబరులో, అప్పటి పశ్చిమ జర్మనీలోని లుడ్విగ్స్‌బర్గ్‌లో ఒక స్టూడియోలో ముగ్గురు కళాకారులు కూర్చుని అదే పని చేశారు. మ్యూనిక్‌కు చెందిన ఈసీఎం సంస్థ 1979లో విడుదల చేసిన ఆ ఆల్బమ్ పేరు 'కోడోనా'. ఆఫ్రికా భాషలో మాటేమో అనుకునేరు! కాలిన్ వాల్‌కాట్, డాన్ చెర్రీ, నానా వాస్కొన్‌సెలోస్... ముగ్గురి పేర్లలోని మొదటి రెండేసి ఇంగ్లిష్ అక్షరాలు కలిపితే వచ్చిందది.

ఫ్రీ జాజ్ పేరు చెబితే జాజ్ అభిమానుల్లోనే చాలామంది చెవులు మూసుకుంటారు. కారణం లేకపోలేదు. మన కచేరీలో విద్వాంసుడు ఎంత దూరం వెళ్లినా రాగం గీత దాటడు, చివరికి తాళంలోకి వచ్చి వాలతాడు. మామూలు జాజ్‌లోనూ అలాంటి కట్టుబాటు ఉంది. ముందే అనుకున్న స్వరసముదాయాల వరుస మీదే ఎవరి కల్పనైనా సాగాలి. 1950ల చివర్లో ఆర్నెట్ కోల్‌మన్ ఆ కంచె తీసేశాడు. 1960 డిసెంబరులో ఎనిమిది మందితో, దాదాపు 37 నిమిషాలు ఏకబిగిన వాయించి రికార్డు చేసిన ఆల్బమ్‌కి 'ఫ్రీ జాజ్' అనే పేరు పెట్టాడు. ఆ ఎనిమిది మందిలో, అరచేతిలో ఇమిడేంత చిన్న ట్రంపెట్ పట్టుకున్నవాడే డాన్ చెర్రీ.

ఆ తర్వాత చెర్రీ ఒకచోట కుదురుగా ఉంటే ఒట్టు! దేశదేశాల సంగీతాలు వెతుక్కుంటూ తిరిగాడు. మాలి ప్రాంతపు వేటగాళ్ల తంత్రీవాద్యం దూసన్‌గూనీని సొంతం చేసుకున్నాడు. కోడోనాలో ట్రంపెట్, వెదురు పిల్లనగ్రోవి లాంటి చెక్క వేణువులతో పాటు దాన్నీ వాయించాడు.

మరి సితార్? న్యూయార్క్‌లో పుట్టిన వాల్‌కాట్ పండిట్ రవిశంకర్ దగ్గర సితార్, ఉస్తాద్ అల్లారఖా దగ్గర తబలా నేర్చుకున్నాడు. పాశ్చాత్య పాటల్లో సితార్‌ను అగరొత్తుల వాసనలా వాడుకునే రోజులవి. కాస్త 'తూర్పు' అనిపిస్తే చాలు! వాల్‌కాట్ అలా చేయలేదు. అలాగని రాగం వాయించి పాండిత్యం చూపించాలనీ తాపత్రయపడలేదు. పక్కవాడి స్వరానికి చోటిస్తూ, కొన్నిచోట్ల నాలుగు మీటులతో సరిపెట్టాడు. ఈ ఆల్బమ్ కొత్తవాళ్లకూ హాయిగా వినిపించడానికి అసలు కారణం ఆ పొదుపే. ఇక్కడ ముగ్గురికీ స్వేచ్ఛ ఉంది, అరుపులు లేవు.

ఉన్నవి ఐదే ట్రాకులు. వాటిలో 'కోల్‌మన్‌వండర్' గడుసైనది. చెర్రీ గురుతుల్యుడైన కోల్‌మన్ బాణీలు రెండు, స్టీవీ వండర్ హిట్ పాట 'సర్ డ్యూక్' బాణీ ఒకటి... మూడింటినీ ఒకే దండలో గుచ్చారు. మేధావుల సంగీతం, రేడియోలో మోగే సంగీతం అన్న తేడా వాళ్లకు పట్టలేదు.

1981లో రెండో ఆల్బమ్, 1983లో మూడోది వచ్చాయి. నాలుగోది రాలేదు. 1984 నవంబరు 8న, తన మరో బృందం 'ఓరెగాన్'తో పర్యటిస్తుండగా తూర్పు జర్మనీలో జరిగిన బస్సు ప్రమాదంలో వాల్‌కాట్ చనిపోయాడు. వయసు 39. ఓరెగాన్‌లో తబలా చోటులోకి తర్వాత మన ముంబయి కళాకారుడు త్రిలోక్ గుర్తు వచ్చాడు. కోడోనాకు మాత్రం ఇంకొకరిని తెచ్చుకునే వీల్లేదు. పేరులోనే మొదటి రెండక్షరాలు పోయాయి మరి! చెర్రీ 1995లో, నానా 2016లో వెళ్లిపోయారు.

మూడు ఆల్బమ్‌లనూ ఈసీఎం 2008లో ఒకే పెట్టెలో పెట్టి మళ్లీ విడుదల చేసింది. మొదటిసారి వినేవాళ్లు 'కోల్‌మన్‌వండర్'తో మొదలుపెట్టొచ్చు. తర్వాత 'ముమకాటా'. హెడ్‌ఫోన్స్ ఉంటే మరీ మంచిది... బుర్ర పొట్టకు తగిలి శబ్దం మూసుకోవడం కూడా తెలుస్తుంది.