నెట్ ఆగిందా.. లోపం ఎక్కడుందో ముందు తేల్చుకోండి!

గుంటూరు: మిర్చి సీజన్ ముమ్మరంగా సాగే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక ఎగుమతి వ్యాపారి కార్యాలయాన్ని ఊహించుకోండి. కాటా పూర్తయింది. టిక్కీలు లారీకెక్కాయి. పట్టా కప్పి తాళ్లు బిగించారు. డ్రైవరు ఇంజిన్ ఆన్ చేసి ఎదురు చూస్తున్నాడు. ఇక బండి కదలడానికి కావలసింది ఈ-వే బిల్లు ఒక్కటే. సరిగ్గా ఆ సమయానికే కంప్యూటరు తెరపై నెట్ లేదన్న సందేశం ప్రత్యక్షమవుతుంది. గుమాస్తా ఒక వైరు పీకి మరోచోట గుచ్చుతాడు. యజమాని ఫోనులో ఎవరినో కేకలేస్తుంటాడు. మధ్యలో ఎవరో ఒకరు గుండుసూది తెచ్చి రూటరు వెనుక సన్నని రంధ్రంలో నొక్కుతారు. అప్పటివరకు పది నిమిషాల్లో సర్దుకోగలిగిన సమస్య కాస్తా మరుసటి రోజుకు వాయిదా పడుతుంది.

రూ.50 వేలకు మించిన సరకు రాష్ట్రం దాటాలంటే 2018 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లు తప్పనిసరి అయింది. రాష్ట్రం లోపల జరిగే రవాణాకు మొదటి విడతలోనే, అదే నెల 15 నుంచి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ ఈ విధానం అమలులోకి వచ్చింది. బిల్లు లేకుండా బండి పట్టుబడితే సరకును నిలిపివేయవచ్చు, జరిమానా విధించవచ్చు. నెట్ రాకపోవడాన్ని అందుకు మినహాయింపుగా చట్టం పేర్కొనలేదు. కనుక చిన్న కార్యాలయాల్లో నెట్‌వర్కు మరమ్మతు అంటే కేవలం సాంకేతిక వ్యవహారమని అనుకోవడానికి వీలులేదు. అయితే ఈ పనికి ఇంజినీరు కానవసరం లేదు. వీధి స్తంభం నుంచి కంప్యూటరు వరకు ఉన్న దారిలో ఏ మెట్టు దగ్గర తెగిందో గుర్తించడమే అసలు పని. అది తేలేవరకు ఏ వైరునూ, ఏ మీటనూ ముట్టుకోకపోవడం మేలు.

ఒకరికా.. అందరికా?

మొదట తేల్చుకోవలసింది ఇదే. కార్యాలయంలో నాలుగు కంప్యూటర్లుంటే నాలుగింటికీ నెట్ లేదా, ఒక్కదానికేనా? ఒక్కదానికే అయితే లోపం ఆ కంప్యూటరులోనో, దాని వైరులోనో ఉంటుంది. పక్క కంప్యూటరుకు పనిచేస్తున్న వైరును తెచ్చి దీనికి తగిలించి చూస్తే నిమిషంలో విషయం బయటపడుతుంది.

అందరికీ ఆగిపోతే మన వ్యాపారుల చేతిలో మరో మంచి పరీక్ష సిద్ధంగా ఉంది. చాలాచోట్ల టాలీ లెక్కలు ఒక కంప్యూటరులో ఉండి, మిగిలినవారు తమ కంప్యూటర్ల నుంచి వాటిని తెరుస్తుంటారు. నెట్ లేకున్నా ఆ లెక్కలు యథావిధిగా తెరుచుకుంటుంటే కార్యాలయం లోపలి వైర్లు, స్విచ్చి సక్రమంగా ఉన్నాయని అర్థం. లోపం రూటరు వద్దగానీ, అంతకు ఆవలగానీ ఉంది. లెక్కలు సైతం తెరుచుకోకపోతే అంతర్జాల సంస్థకు ఫోను చేయడం వృథా. తెగింది మన గదిలోనే.

అన్నింటికంటే ముందు స్విచ్చికి కరెంటు అందుతోందో లేదో చూడాలి. ఈ మాట చదివి నవ్వుకునేవారు ఉండవచ్చు. కానీ కంప్యూటర్లన్నింటినీ యూపీఎస్‌కు కలిపి, అటక మీద ఉన్న రూటరును, ఫైబరు పెట్టెను మాత్రం మామూలు ప్లగ్గుకు వదిలేసే కార్యాలయాలు తక్కువేమీ కాదు. కరెంటు పోతే తెరలు వెలుగుతూనే ఉంటాయి, నెట్ మాత్రం ఉండదు.

దీపాలు ఏం చెబుతున్నాయి?

ఫైబరు కనెక్షన్ ఉన్నచోట గోడకు అమర్చిన పెట్టెను ఓఎన్‌టీ అంటారు. కొన్నిచోట్ల రూటరు అందులోనే కలిసి ఉంటుంది, కొన్నిచోట్ల వేరుగా ఉంటుంది. దానిపై పాన్, లాస్ అనే రెండు దీపాలను గమనించాలి. పాన్ దీపం ఆకుపచ్చగా నిలకడగా వెలుగుతుంటే కాంతి సంకేతం మన గోడ వరకు వస్తోందని అర్థం. లాస్ దీపం ఎర్రగా వెలిగినా, మిణుకుమన్నా సంకేతం రావడం లేదని గ్రహించాలి. అప్పుడు లోపల ఎన్ని వైర్లు మార్చినా ప్రయోజనం ఉండదు. ఫైబరు ఎక్కడో తెగింది లేదా వంగింది.

వంగడం కూడా తెగడంతో సమానమా అన్న సందేహం సహజం. ఫైబరులో కాంతి ప్రయాణించే గాజు భాగం మందం సుమారు 9 మైక్రాన్లు మాత్రమే, అంటే తల వెంట్రుక కంటే ఎన్నో రెట్లు సన్నం. తీగను మరీ పదునుగా మలిస్తే కాంతి ఆ మలుపులో బయటకు జారిపోతుంది. బీరువాను గోడకు జరిపినప్పుడు దాని వెనుక తీగ నలిగి నెట్ పోవడానికి ఇదే కారణం. బీరువాను ముందుకు లాగి, తీగను వెడల్పాటి చుట్టగా సర్దితే కొన్నిసార్లు సంకేతం తిరిగి వస్తుంది. అయితే తీగ కొసను పెట్టె నుంచి ఊడదీయరాదు. కొసకు దుమ్ము అంటినా సంకేతం దెబ్బతింటుంది. మిర్చి ఘాటు, దుమ్ము నిండిన కార్యాలయాల్లో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఊడిన కొసలోకి కన్ను పెట్టి చూడటమూ ప్రమాదకరమే. అందులోని కాంతి కంటికి కనిపించదు.

రీస్టార్ట్ వేరు.. రీసెట్ వేరు

పెట్టెలను ఒకసారి ఆపి మళ్లీ వేయడం మంచి చిట్కానే. దానికీ ఒక వరుస ఉంది. ఓఎన్‌టీ, రూటరు, స్విచ్చి మూడింటినీ ఆపి ఒక నిమిషం ఆగాలి. ముందు ఓఎన్‌టీని వేసి పాన్ దీపం నిలకడ పడేవరకు రెండు మూడు నిమిషాలు వేచి ఉండాలి. ఆ తర్వాత రూటరు, చివరన స్విచ్చి వేయాలి. అన్నింటినీ ఒకేసారి వేస్తే సంకేతం రాకముందే రూటరు ప్రయత్నించి విఫలం కావచ్చు.

గుండుసూదితో నొక్కే రంధ్రం సంగతి వేరు. అది రీసెట్ మీట. కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే పెట్టె కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి వెళ్లిపోతుంది. కనెక్షన్‌కు సంబంధించిన యూజర్ ఐడీ, పాస్‌వర్డు, ఇతర అమరికలన్నీ చెరిగిపోతాయి. కొన్ని సంస్థలు వాటిని దూరం నుంచే తిరిగి పంపగలవు. చాలా కనెక్షన్లకు మాత్రం మనిషి రావలసిందే. అంతవరకు కార్యాలయం మొత్తం మూతపడినట్లే. ఆ రంధ్రంపై చిన్న కాగితం ముక్క అతికించి ఉంచడం ఉత్తమం.

మూడు పింగులతో తేలిపోతుంది

దీపాలన్నీ సవ్యంగా ఉన్నా నెట్ రాకపోతే కంప్యూటరునే అడగాలి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఐపీకాన్ఫిగ్ అని టైపు చేస్తే ఆ కంప్యూటరు చిరునామా కనిపిస్తుంది. అది 169.254తో మొదలైతే రూటరు నుంచి చిరునామా అందలేదని, దిక్కుతోచక కంప్యూటరే ఒకటి కల్పించుకుందని అర్థం. వైరు, స్విచ్చి, రూటరు.. ఈ మూడింటిలో ఒకటి అనుమానితం. 192.168తో మొదలైతే ముందుకు సాగవచ్చు. అక్కడే డీఫాల్ట్ గేట్‌వే పేరుతో ఉన్న అంకెలు రూటరు చిరునామా.

ఇప్పుడు పింగ్ అని కొట్టి, ఖాళీ వదిలి ఆ అంకెలు ఇవ్వాలి. జవాబు వస్తే రూటరు వరకు దారి ఉంది. తరువాత 8.8.8.8కు పింగ్ చేయాలి. ఇది గూగుల్ 2009 నుంచి నడుపుతున్న చిరునామా సేవ. దీని నుంచి జవాబు వస్తే బయటి ప్రపంచం వరకు దారి ఉన్నట్లే. మూడోసారి అంకెలకు బదులు ఏదైనా వెబ్‌సైట్ పేరుకు పింగ్ చేయాలి. రూటరు పలికి 8.8.8.8 పలకకపోతే లోపం రూటరుకు ఆవల ఉంది. అంకెలకు పలికి పేరును మాత్రం కనుగొనలేకపోతే దోషం డీఎన్ఎస్‌ది. పేర్లను అంకెలుగా మార్చి చెప్పే ఏర్పాటు అది. నెట్‌వర్కు అమరికల్లో డీఎన్ఎస్ స్థానంలో 8.8.8.8 గానీ, 1.1.1.1 గానీ ఇస్తే చాలావరకు చక్కబడుతుంది.

ఇక్కడ ఒక మెలిక ఉంది. జవాబు వరుసలో రిప్లై అన్న మాట కనిపించగానే సంతోషించరాదు. చివరన డెస్టినేషన్ హోస్ట్ అన్‌రీచబుల్ అని ఉంటే అది గమ్యం చేరలేదన్న కబురు మాత్రమే. ఎన్ని మిల్లీ సెకన్లు పట్టిందో అంకె కనిపిస్తేనే అసలైన జవాబు.

రెండో రూటరుతో తంటా

అనుభవజ్ఞులైన మెకానిక్కులను సైతం తికమక పెట్టే లోపం ఒకటుంది. పై అంతస్తుకో, వెనుక గదికో వైఫై అందడం లేదని బజారు నుంచి మరో రూటరు తెచ్చి స్విచ్చికి కలుపుతారు. ఆ రోజు అంతా బాగానే ఉంటుంది. రెండు రోజుల తర్వాత ఒక కంప్యూటరుకు నెట్ వస్తుంది, పక్కదానికి రాదు. ప్రింటరు కనిపించకుండా పోతుంది. రీస్టార్ట్ చేస్తే సరవుతుంది, మధ్యాహ్నానికి మళ్లీ మొదటికొస్తుంది. కారణం ఏమిటంటే, కంప్యూటర్లకు చిరునామాలు పంచే బాధ్యతను ఇప్పుడు రెండు రూటర్లు తలకెత్తుకున్నాయి. ఒక ఊళ్లో ఇద్దరు కరణాలు ఎవరికి వారు ఇంటి నంబర్లు వేసినట్లుంటుంది వ్యవహారం. కొన్ని కంప్యూటర్ల చిరునామా 192.168.1తోనూ, మరికొన్నింటిది 192.168.0తోనూ మొదలవుతుంటే ఇదే జరిగిందని దాదాపు నిశ్చయించుకోవచ్చు. రెండో రూటరులో డీహెచ్‌సీపీ అనే అమరికను ఆపివేయాలి. యాక్సెస్ పాయింట్ అనే పద్ధతి ఉంటే దానికి మార్చినా సరిపోతుంది.

మరొకటి చూడటానికి చిన్నదే, చేసే నష్టం పెద్దది. ఊడ్చేటప్పుడు కింద పడిన వైరు కొసను ఎవరో సదుద్దేశంతో స్విచ్చిలో గుచ్చుతారు. దాని రెండో కొస కూడా అదే స్విచ్చిలో ఉంటుంది. సమాచారం అందులోనే గిర్రున తిరుగుతూ నెట్‌వర్కును ముంచెత్తుతుంది. స్విచ్చి దీపాలన్నీ ఒకే లయలో విపరీతంగా మిణుకుమంటాయి, టాలీతో సహా ఏదీ పనిచేయదు. వైర్లకు రెండు కొసల వద్దా పేర్లు రాసి అతికిస్తే ఈ బెడద ఉండదు.

వైరు పొడవు 100 మీటర్లు మించరాదన్న నియమాన్ని యార్డు వెలుపల శీతల గిడ్డంగుల కార్యాలయాలు ముఖ్యంగా గమనించాలి. కాటా గది నుంచి ఆఫీసు వరకు ఒకే వైరు లాగి, నెట్ వస్తూ పోతూ ఉందని విసుక్కునేవారు ముందు ఆ దూరం కొలుచుకోవాలి. వైఫైతో సరిపెట్టుకుందామన్నా శీతల గిడ్డంగుల మందపాటి గోడలు సంకేతాన్ని అడ్డుకుంటాయి.

పోర్టల్ మాత్రమే మొరాయిస్తే..

అన్నీ తెరుచుకుంటూ జీఎస్టీ పోర్టల్ ఒక్కటే తెరుచుకోకపోతే మన నెట్‌ను నిందించే ముందు ఫోనులో వైఫై ఆపి, మొబైల్ డేటాపై అదే పోర్టల్ తెరిచి చూడాలి. అక్కడా రాకపోతే ఇబ్బంది అటువైపుది. రిటర్నుల గడువు రోజుల్లో ఇది కొత్త కాదు. ఫోనులో తెరుచుకుని కంప్యూటరులో భద్రత హెచ్చరిక వస్తుంటే తెర మూలన తేదీ చూడండి. పాత కంప్యూటర్లలో మదర్‌బోర్డుపై ఉండే నాణెమంత బ్యాటరీ అయిపోతే గడియారం ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే సురక్షిత వెబ్‌సైట్లు నమ్మకాన్ని నిరాకరిస్తాయి. సీఆర్2032 అనే ఆ బ్యాటరీ ఖరీదు స్వల్పమే.

నెట్ ఉండీ నత్తనడక నడుస్తుంటే సీసీ కెమెరాలను అనుమానించాలి. రాత్రింబవళ్లు దృశ్యాలను బయటి సర్వర్లకు పంపే కెమెరాలు పైకి వెళ్లే దారిని ఆక్రమిస్తాయి. ఒక పావుగంట వాటి వైరు తీసి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఫిర్యాదులో మోసపోవద్దు

లాస్ దీపం ఎర్రగా ఉందనో, రూటరు పలికి 8.8.8.8 పలకలేదనో చెప్పగలిగితే ఫిర్యాదు స్వీకరించే వ్యక్తి ప్రశ్నలు సగానికి తగ్గుతాయి. కస్టమర్ ఐడీని, ఫిర్యాదు నంబరును, సమయాన్ని రాసిపెట్టుకోవాలి. పరిష్కారం సంతృప్తిగా లేకపోతే ప్రతి సంస్థలోనూ ఉండే అప్పీలు అధికారిని ఆశ్రయించే హక్కు ట్రాయ్ 2012 నిబంధనల ద్వారా వినియోగదారులకు లభించింది. అందుకు ఆ నంబరే ఆధారం.

ఫిర్యాదు నంబరును గూగుల్‌లో వెతకడం మాత్రం ప్రమాదం. సంస్థల పేరుతో నకిలీ నంబర్లు పెట్టి, లోపం సరిచేస్తామంటూ ఎనీడెస్క్ వంటి యాప్ వేయించి, బ్యాంకు ఖాతా ఖాళీ చేసే ముఠాలు పొంచి ఉంటాయి. హడావుడిలో ఉన్న వ్యాపారే వారికి సులువైన వేట. బిల్లుపై ముద్రించిన నంబరును గోడపై రాసుకోవాలి. మోసపోయామని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి.

బండి నిలవకుండా..

లోపం వీధిలో ఉందని తేలితే మరమ్మతు కోసం ఎదురు చూడనవసరం లేదు. ఫోనును కేబులుతో కంప్యూటరుకు కలిపి నెట్ వాడుకోవచ్చు. ఒక బిల్లు తీయడానికి అది చాలు. రెండో కనెక్షన్ తీసుకునేవారు అది మొదటి తీగ వేలాడే స్తంభాల మీదుగానే రాకుండా చూసుకోవాలి. చెట్టుకొమ్మలు కొట్టేటప్పుడు తెగితే రెండూ ఒకేసారి తెగుతాయి. సిమ్ కార్డుతో పనిచేసే రూటరు ఇంతకంటే నయం.

ఈ-వే బిల్లులో రెండు భాగాలుంటాయన్నది చాలామంది ఉపయోగించుకోని సౌలభ్యం. సరకు, ధర, కొనుగోలుదారు వివరాలుండే పార్ట్-ఎను బేరం కుదిరి బిల్లు సిద్ధం కాగానే నింపి ఉంచవచ్చు. వాహనం నంబరుండే పార్ట్-బిని 15 రోజుల్లోగా ఎప్పుడైనా చేర్చవచ్చు. నెట్ ఉన్నప్పుడే మొదటి భాగం పూర్తిచేసుకుంటే, లారీ వచ్చాక మిగిలేది బండి నంబరు ఒక్కటే. అది సెల్‌ఫోనులోనూ పూర్తవుతుంది.