గాలం కర్రకి రింగులు కొంటున్నారా?

మా కొయ్యూరు వాగుల్లో వెదురు గాలం చాలు. దారం కొసకే కట్టేస్తాం, రింగులతో పనిలేదు. భీమిలిలో ఉంటున్న మా చెల్లెలు మాత్రం ఒడ్డునే నిలబడి కెరటాల అవతలికి విసిరేందుకు రీలు కర్ర తనే తయారు చేసుకుంటానంది. ‘ఆడదానికి గాలమేంటి?’ అన్నవాళ్లని అననిచ్చి, ఇద్దరం రింగులు కొనడానికి వెళ్లాం.

ఉప్పుగాలికి మామూలు ఇనుము తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు చట్రం, లోపల నున్నటి సిరామిక్ వలయం ఉన్నవి మేలు. రీలు నుంచి దారం చుట్లు తిరుగుతూ వస్తుంది కాబట్టి మొదటి రింగు పెద్దదిగా, కొసకి వెళ్లేకొద్దీ చిన్నవిగా ఉండాలి.

కొనేముందు రింగు లోపల దూది తిప్పి చూడండి. పోగు చిక్కుకుందంటే బీట ఉన్నట్టే. పెద్ద చేప లాగినప్పుడు దారం తెగేది అక్కడే! గాజులు తొడుక్కునే ముందు అంచు తడిమి చూసుకోమూ? ఇదీ అంతే.