నల్లని ఆకాశం వెనుక నారింజ వెలుగు

దక్షిణ ధ్రువంలో మార్చిలో వాలిన పొద్దు మళ్లీ సెప్టెంబరు దాకా పొడవదు. ఆ ఆరునెలల రాత్రి కింద, సముద్రమట్టానికి 2,800 మీటర్ల ఎత్తున, నీలిఛాయలు పారాడే తెల్లని మంచు మైదానం కనుచూపు మేరా పరుచుకుని ఉంటుంది. పిట్ట కూత లేదు, ఆకు గలగల లేదు. ఉండుండి లేతపచ్చని ధ్రువకాంతులు పట్టుచీర కుచ్చిళ్లలా జారి, ముడుచుకుని, మాయమవుతాయి. మైనస్ 60 డిగ్రీలు దాటే ఆ కొరికే చలిలో, 10 మీటర్ల వెడల్పున్న టెలిస్కోపు ఒకటి నింగికేసి ముఖమెత్తి నిలబడి ఉంది. దానికి ఈ రంగులూ వద్దు, ఈ చుక్కలూ వద్దు. చుక్కలన్నిటికీ వెనక, ఉత్త చీకటే అని మనం అనుకునే చోట, సృష్టిలోని తొలి వెలుగు ఉంది. దాని చూపంతా అటే.

విశ్వం పుట్టిన 3 లక్షల 80 వేల ఏళ్లకు, అంతదాకా కుతకుతలాడిన మంటల మబ్బు తేటపడింది. ఎలక్ట్రాన్లు కేంద్రకాలతో జతకట్టి పరమాణువులయ్యాయి. నడుమ చిక్కుకున్న కాంతికి దారి దొరికింది. చూసేందుకు ఒక్క కన్నైనా లేని ఆ వేళ, దిక్కుదిక్కునా, మూడు వేల డిగ్రీల వేడితో, పసుపు కలిసిన పండు నారింజ వన్నెలో ఆకాశమంతా జ్వలించింది. నలుపన్నదే లేని ఆకాశం! తర్వాత విశ్వం సాగింది, కాంతి అలలూ సాగాయి. నారింజ ఎరుపైంది, ఎరుపు కంటికి ఆనని తావుల్లోకి జారిపోయింది. 1,380 కోట్ల ఏళ్లు నడిచి నడిచి, మైనస్ 270 డిగ్రీలకు చల్లారి, మైక్రోవేవ్ తరంగాలై ఇప్పుడు మన మీద కురుస్తోంది.

1964లో న్యూజెర్సీలో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ దాన్ని యాంటెన్నాలో ఆగని సన్నని హోరుగా పట్టుకున్నారు. లోపల గూడు కట్టిన పావురాల రెట్టలే కారణమేమోనని శుభ్రంగా తుడిచారు కూడా. సృష్టి ఆదికి పావురాల మీద నింద!

ఇంత చల్లని వెలుగును చూడాలంటే కన్ను అంతకంటే చల్లగా ఉండాలి. అందుకే ధ్రువపు టెలిస్కోపులోని సెన్సర్లను పరమశూన్యానికి అర డిగ్రీ లోపునకు చల్లబరుస్తారు. గాలిలో తేమ ఆ తరంగాలను మింగేస్తుంది గనకే ఎండిన మంచుసీమను వెతుక్కున్నారు. అక్కడ అంతటా ఒకే తీరుగా కనిపించే ఆ వెలుగులో, లక్షలో ఒక వంతు తేడాతో వెచ్చని మచ్చలు, చల్లని మచ్చలు తేలుతాయి. కాస్త చిక్కబడిన చోట్లే పదార్థాన్ని పోగేసుకుని గెలాక్సీలయ్యాయి. వాటిలో మన పాలపుంత మొలిచిన మచ్చ మాత్రం మనకు కనిపించదు. దాని వెలుగు ఎప్పుడో బయటికి సాగిపోయింది. ఈపాటికి ఏ సుదూర గెలాక్సీ ఆకాశంలోనో ఒక మచ్చగా తేలుతూ ఉండాలి.