‘తాపీ’ ఎవరి పేరు?

సూరత్‌కు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, ముంబయి–అహ్మదాబాద్ జాతీయ రహదారి మీద ఉన్న ఊరు కామ్‌రేజ్. ఊరి పక్కనే రహదారి తాపీ నదిని దాటుతుంది. బదిలీ మీద ఇటు వచ్చిన తెలుగువాళ్లకు ఈ నది పేరు మొదట్లో కాస్త నవ్వు తెప్పిస్తుంది. మనకు తాపీ అంటే ఇల్లు కట్టే మేస్త్రీ చేతిలో ఉండేది. లేకపోతే ‘తాపీగా’ కాఫీ తాగడం, తాపీగా ఆఫీసుకు రావడం. ఇక్కడివారికేమో తాపీ అంటే తల్లి. ఆషాఢ శుద్ధ సప్తమి నాడు నదికి పుట్టినరోజు జరిపి చీర సమర్పిస్తారు. అదే పేరు ఒక తెలుగువాడి ఇంటిపేరుగా వినిపిస్తే ఆశ్చర్యపోవడం వారి వంతు.

పలికేది ఒక్కలాగే అయినా ఇవి రెండు వేర్వేరు పేర్లు. రోజంతా పేర్లతోనే పనిచేసే మనం ఈ తేడాను ఒకసారి నిదానంగా చూడటం మంచిది.

సూర్యుడి కూతురు

నది పేరుకు మూలం సంస్కృతంలోని ‘తప్’ ధాతువు. వేడెక్కడం, కాలడం దాని అర్థం. తాపం, తపన, తపస్సు అన్నీ ఆ ధాతువు నుంచి వచ్చినవే. సూర్యుడికి తపనుడని పేరు, ఆయన కూతురు తపతి. ఆమే ఈ నదిగా ప్రవహిస్తోందని నమ్మకం. మధ్యప్రదేశ్ బేతుల్ జిల్లాలోని ముల్తాయి దగ్గర పుట్టి, మహారాష్ట్ర మీదుగా గుజరాత్ చేరి, 724 కిలోమీటర్లు ప్రయాణించి సూరత్ దాటాక సముద్రంలో కలుస్తుంది. ముల్తాయి అన్న ఊరి పేరులోనే ‘మూలతాపి’ దాగి ఉంది. హిందీవారు తాప్తీ అంటారు, గుజరాతీ, మరాఠీవారు తాపీ అంటారు. 2007లో సూరత్ జిల్లా నుంచి విడదీసి, వ్యారా కేంద్రంగా ఏర్పాటు చేసిన జిల్లాకు కూడా తాపీ అనే పేరు పెట్టారు.

మహాభారతం ఆదిపర్వంలో ఈ పేరు మీదే ఒక సంభాషణ ఉంది. అంగారపర్ణుడనే గంధర్వుడు అర్జునుణ్ని ‘తాపత్యా’ అని పిలుస్తాడు. మేం కుంతి కొడుకులం కదా, తాపత్యులం ఎలా అయ్యాం అని అర్జునుడు అడుగుతాడు. అప్పుడు గంధర్వుడు తపతీ సంవరణుల కథ చెబుతాడు. వేటకు వెళ్లిన సంవరణ మహారాజు కొండల్లో తపతిని చూసి మనసు పారేసుకుంటాడు. వసిష్ఠుడు సూర్యుడి దగ్గరికి వెళ్లి ఆమెను అడిగి తీసుకొస్తాడు. వారి కొడుకే కురువు. కౌరవులకూ పాండవులకూ మూలపురుషుడు అతడే కాబట్టి వారంతా తాపత్యులు.

ఈ కథను నన్నయ తెలుగు చేశాడు. 16వ శతాబ్దంలో అద్దంకి గంగాధర కవి దీన్నే ‘తపతీసంవరణోపాఖ్యానము’ అనే కావ్యంగా రాసి, గోల్కొండ నేలిన ఇబ్రహీం కుతుబ్‌షాకు అంకితమిచ్చాడు. అంటే సూరత్ మగ్గాల మీద పనికి తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు రావడానికి చాలాకాలం ముందే, తపతి పేరు గోల్కొండ కొలువులో తెలుగు పద్యాల్లో వినిపించింది.

మేస్త్రీ చేతి తాపీ

ఇక మన తాపీ. సున్నమో సిమెంటో మెత్తి చదును చేసే పనిముట్టు అది. తాపీపని, తాపీ మేస్త్రీ అన్న మాటలు అందరికీ తెలిసినవే. హిందీలో నేలను తట్టి చదును చేసే చెక్క పనిముట్టును ‘థాపీ’ అంటారు. ఈ మాటకు సూర్యుడితో గానీ వేడితో గానీ సంబంధం లేదు.

తెలుగు ఇంటిపేర్లు ఊళ్ల నుంచి, వృత్తుల నుంచి, చెట్ల నుంచి, వస్తువుల నుంచి వచ్చాయి. తాపీ కూడా అలా ఇంటిపేరైంది. ఎక్కువమందికి లేని ఈ ఇంటిపేరును తెలుగునాట అందరికీ తెలిసేలా చేసినవారు తాపీ ధర్మారావు. 1887లో బరంపురంలో పుట్టి, పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులు దగ్గర చదువుకున్నారు. పత్రికా సంపాదకులు. 1938 నాటి ‘మాలపిల్ల’ సినిమాకు మాటలు రాశారు. ‘విజయవిలాసం’ కావ్యానికి రాసిన వ్యాఖ్యకు 1971లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఆయన కుమారుడు తాపీ చాణక్య ‘రోజులు మారాయి’ (1955), ‘రాముడు భీముడు’ (1964) చిత్రాల దర్శకుడు.

సముద్రం దాటిన పేరు

నది పేరు మన దేశంలోనే ఆగిపోలేదు. థాయిలాండ్ దక్షిణ భాగంలో సూరత్ థాని అనే పట్టణం ఉంది. 1915లో రాజు వజిరావుధ్ దానికి ఆ పేరు పెట్టాడు. అదే ఏడాది అక్కడి నదికి మన నది పేరు మీద తాపీ అని పేరు పెట్టారు. బెంగాల్‌లో తపతి ఆడపిల్లల పేరు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1929లో ఆ పేరుతో ఒక నాటకం రాశారు. ఈ మధ్య వార్తల్లో వినిపించే తాపీ గ్యాస్ పైప్‌లైన్ మాత్రం ఈ రెండింటిలో దేనికీ చుట్టం కాదు. తుర్క్‌మెనిస్తాన్, అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, ఇండియా పేర్ల మొదటి అక్షరాలు కలిపితే వచ్చిన మాట అది.

కామ్‌రేజ్ పేరుకూ ఒక చరిత్ర ఉంది. క్రీ.శ. 739 నాటి నవసారి తామ్రశాసనంలో చాళుక్య పులకేశి ఒక గ్రామాన్ని దానమిచ్చాడు. ఆ గ్రామం ‘కార్మణేయ’ విషయంలో ఉందని శాసనం చెబుతుంది. విషయమంటే ఆనాటి జిల్లా. ఆ కార్మణేయమే నేటి కామ్‌రేజ్. మన వేంగి చాళుక్యుల లాగే ఈ నవసారి చాళుక్యులు కూడా బాదామి వంశం నుంచి చీలిన శాఖే. పలికే నోళ్లు మారేకొద్దీ ఊరి పేరు అరిగి, కొత్త రూపం తీసుకుంది. దానివల్ల ఊరికి వచ్చిన నష్టమేమీ లేదు.

మన కౌంటరు దగ్గర

మనిషి పేరు అలా మారితే మాత్రం నష్టమే. ఫారంలో మొదటి పేరు, మధ్య పేరు, చివరి పేరు అని మూడు గడులుంటాయి. తాపీ ధర్మారావు అన్న పేరును ఉన్న వరసలోనే నింపితే ‘తాపీ’ మొదటి పేరు, ‘రావు’ చివరి పేరు అవుతాయి. కొడుకు దగ్గరికి వచ్చేసరికి చివరి పేరు ‘చాణక్య’. కంప్యూటరు లెక్కలో ఆ తండ్రీకొడుకులకు ఉమ్మడి ఇంటిపేరే లేదు! గుజరాతీలు మామూలుగా ఇంటిపేరు, సొంత పేరు, తండ్రి పేరు వరసగా రాస్తారు. మధ్యలో ఉన్నది మన పద్ధతిలో సొంత పేరులో సగం కావచ్చు. అది తెలియని క్లర్కు దాన్ని వేరేగా చదువుకుంటాడు, అందులో అతని తప్పు లేదు.

ఆధార్‌లో పేరంతా ఒకే వరసలో ఉంటుంది. పాన్ దరఖాస్తులో ఇంటిపేరుకు పొడి అక్షరం చాలదు, పూర్తిగా రాయాలి. పాత పాస్‌బుక్‌లో ఇంటిపేరు ఒక్క ‘టి’ అక్షరంగా మిగిలిపోయి ఉండవచ్చు. ఖాతాదారు బతికి ఉన్నంతకాలం సంతకంతో, ముఖ పరిచయంతో పని నడిచిపోతుంది. ఆయన పోయాక భార్య మరణ ధ్రువపత్రం పట్టుకుని వచ్చినప్పుడు తేడా బయటపడుతుంది. మగ్గం మీద నేసిన మీటరుకు ఇంత అని కూలి వచ్చే ఇంట్లో, అఫిడవిట్ కోసం తిరిగే ప్రతి రోజూ ఒక పూట కూలి పోయినట్టే.

మన చేతుల్లో ఉన్నవి మూడు పనులు. ఖాతా తెరిచేటప్పుడూ, కేవైసీ మళ్లీ తీసుకునేటప్పుడూ ‘ఇందులో మీ ఇంటిపేరు ఏది?’ అని అడిగి, పొడి అక్షరాలను విడదీసి రాయడం మొదటిది. నామినీ పేరును చెవికి వినిపించినట్టు కాకుండా, నామినీ సొంత ఆధార్‌లో ఉన్నట్టే రాయడం రెండోది. పెళ్లివల్లో మరో కారణంవల్లో పేరు మారితే, పాత గుర్తింపు పత్రంతో పాటు రాష్ట్ర ప్రభుత్వమిచ్చిన వివాహ ధ్రువపత్రం గానీ గెజిట్ ప్రకటన గానీ చాలన్న సంగతి ఖాతాదారుకు ముందే చెప్పడం మూడోది.

తన పేరుకు అర్థమేమిటని అడగడానికి అర్జునుడు మొహమాటపడలేదు. ఎదుటివారి పేరు అడగడానికి మనకూ మొహమాటం అక్కర్లేదు. కంప్యూటర్‌లో ఎక్కించే ముందు ఆ ఒక్క ప్రశ్నకు పట్టేది అర నిమిషమే. ఆ అర నిమిషం మాత్రం తాపీగానే తీసుకుందాం.