మన ఆకాశమున ధ్రువకాంతు లేల కానరావు?

వేసవి రాత్రులలో కర్నూలు, కడప సీమల ఆకాశము నిర్మలముగ నుండును. అట్టి నింగిలో ధ్రువప్రాంతపు రంగుల వెలుగు లేల కానరావని విద్యార్థు లడుగుట సహజము.

లోపము మన ఆకాశమునది కాదు; భూమి యను పెద్ద అయస్కాంతపు పోకడ యిది. సూర్యుని నుండి విద్యుత్కణములు గాలివలె వీచుచుండును. భూమిని చేరిన కణములు అయస్కాంత బలరేఖల వెంట నడచును. ధ్రువముల చెంత ఆ రేఖలు ఇంచుమించు నిలువుగ నేలకు దిగును. కణములును దిగి వాయువులను తాకును. నూరు కిలోమీటర్లకు మించిన యెత్తున ప్రాణవాయువు పచ్చగను, రెండువందలు దాటినచో ఎఱ్ఱగను వెలుగును, నత్రజనిది నీలిచాయ.

మన సీమలోనో, బలరేఖలు దాదాపు నేలబారుగ సాగును. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. కుట్టుసూదికి నడుమ దారము కట్టి, సమతూకముగ వ్రేలాడదీసి, పిదప అయస్కాంతముతో రుద్దుడు. ఉత్తరపు కొన కొద్దిగనే క్రిందికి వంగును. నార్వేలో నైనచో నిలువునకు చేరువగును.

అట్లని ఈ కాంతులు మనదేశమునకు పూర్తిగ పరాయివి కావు. 1872 ఫిబ్రవరి 4న బొంబాయిలో కన్పించినట్లు వ్రాతలున్నవి. 2024 మే 10 రాత్రి, సౌరతుపాను వేళ, లడఖ్‌లోని హాన్లే నుండి ఎఱ్ఱని వెలుగు ఛాయాచిత్రములకు చిక్కినది. ఎఱుపే యేల? దూరము నుండి వచ్చువారికి నల్లమల శిఖరములే ముందు కన్పించును గదా! పచ్చనిది దిగువ నుండుటచే దిఙ్మండలము చాటున మరుగుపడును. ఎఱ్ఱనిది మిక్కిలి యెత్తున వెలుగుటచే దూరమునకును కన్పించును.